కుదురు నుంచి 22 సెంటీమీటర్లు: ఒక మగదుప్పి కొమ్ము కేసు

చుక్కల దుప్పికి కొమ్ము రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది. అందుకే కొమ్ముకు దెబ్బ తగిలితే, ఈ ఏటి కొమ్ముతోపాటే ఆ దెబ్బా పోతుందిలే అని అందరం అనుకుంటాం. కడప జిల్లాలో ఒక కంచె ఆవరణలో పెరుగుతున్న మగదుప్పి విషయంలో అలా జరగలేదు. ఒకసారి తగిలిన గాయం వరసగా నాలుగేళ్లు కొత్త కొమ్ము మీద అదే ఎత్తులో, అదే వైపున కనబడుతూ వచ్చింది. మధ్యలో ఒక ఏడు దాన్ని కొత్త దెబ్బ అనుకుని చేసిన వైద్యం సమస్యను పెంచింది. దుప్పులను చూసుకునే పశువైద్యులకు, ఆవరణల సిబ్బందికి పనికొస్తుందని ఈ కేసును పూర్తిగా రాస్తున్నాం. ఆవరణ పేరు, సంవత్సరాలు, జంతువు గుర్తింపు సంఖ్య వదిలేశాం. గాయమైన ఏడాదిని మొదటి ఏడుగా లెక్కపెట్టుకున్నాం.

ముందుగా కొమ్ము సంగతి

మన ప్రాంతంలో కృష్ణజింకనూ దుప్పినీ రెంటినీ జింకే అంటారు. కొమ్ము విషయంలో మాత్రం రెండూ వేరు. రోళ్లపాడు వైపు కనిపించే కృష్ణజింకది ఎముక మీద తొడుగు ఉన్న కొమ్ము. అది రాలదు, కొన విరిగితే బతికినంత కాలం విరిగే ఉంటుంది. దుప్పి, కణుజు కొమ్ములు అచ్చంగా ఎముక. పుర్రె మీద కుదురు లాంటి చిన్న ఎముక దిమ్మ ఉంటుంది, అది శాశ్వతం. దాని మీద మొలిచిన కొమ్ము మాత్రం ఏటా రాలుతుంది. కుదురును కప్పిన పొరలోని మూలకణాలే ప్రతి ఏడూ కొత్త కొమ్మును పుట్టిస్తాయి. 1974లో హార్ట్‌విగ్, ష్రుడె అనే ఇద్దరు కుదురు మొలవబోయే చోట నుదుటి ఎముక పొర ముక్కను తీసి రో జింక (ఐరోపాలోని చిన్న జింక) ముందుకాలికి అంటుకడితే కాలి మీదే కొమ్ము మొలిచింది. కుదురు మీద ఆ పొరను పూర్తిగా తీసేస్తే కొమ్ము తిరిగి రాదని చున్‌యీ లీ బృందం చూపించింది. కుదురు జోలికి వెళ్ళకూడదనే నియమం ఈ కేసు అంతటా పాటించడానికి కారణం ఇదే.

మగ హార్మోన్ తగ్గినప్పుడు కొమ్ము రాలుతుంది. కొత్త కొమ్ము మెత్తటి నూగు తోలు (వెల్వెట్) కప్పుకుని పెరుగుతుంది. ఆ తోలు నిండా రక్తనాళాలు, నరాలు ఉంటాయి. ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది, గిచ్చితే నొప్పి తెలుస్తుంది. హార్మోన్ మళ్ళీ పెరిగాక కొమ్ము గట్టిపడి, తోలు ఎండి, చెట్లకు రాసుకుంటే ఊడిపోతుంది. తర్వాత మిగిలే గట్టి కొమ్ముకు స్పర్శ ఉండదు. అన్ని మగదుప్పులకూ ఇది ఒకే నెలలో జరగదు. ఒకే మందలో ఒకదానికి గట్టి కొమ్ము, పక్కదానికి లేత కొమ్ము ఉండడం మామూలే. ఈ కేసు దుప్పికి అక్టోబరు మొదట్లో రాలేది, మార్చి మొదటి వారానికి తోలు ఊడేది.

కొలతలకు సంబంధించి ఇంకొక సంగతి ఉంది. లేత కొమ్ము పెరిగేది మొనల దగ్గరే. చెరకు గడలా కణుపు కణుపుకూ సాగదు. కాబట్టి కాండం మీద ఒక చోట తగిలిన గాయం, కొమ్ము ఎంత పెరిగినా కుదురు నుంచి అంతే దూరంలో ఉంటుంది. ఈ కేసులో రోగ నిర్ణయం మొత్తం ఆ దూరం మీదే నడిచింది.

మొదటి ఏడు: గాయం

దుప్పికి అప్పుడు సుమారు 4 ఏళ్లు, బరువు 70 కిలోల దరిదాపు. డిసెంబరు రెండో వారంలో, అంటే కొమ్ము పెరగడం మొదలైన తొమ్మిదో వారంలో, చైన్‌లింక్ కంచెలో తెగి బయటికి పొడుచుకొచ్చిన తీగ కుడి కొమ్మును చీల్చింది. అప్పటికి కొమ్ము పొడవు 31 సెంటీమీటర్లు. గాయం బయటి వైపున, కుదురు నుంచి 22 సెంటీమీటర్ల ఎత్తులో, 4 సెంటీమీటర్ల పొడవున ఉంది. తోలు పలకలా లేచి, లోపలి తెల్లటి మెత్తటి భాగం బయటపడింది.

వెంటనే చూసినవారు లేరు. మూడో రోజుకు ఈగలు ముసిరి పురుగులు పడ్డాయి. అప్పుడు వల వేసి, మత్తు లేకుండా నలుగురు పట్టుకుని, ఎద్దు మూపురం మీద పుండుకు చేసినట్టే టర్పెంటైన్ పోసి పురుగులు తీశారు. తల కదలకుండా రెండు కొమ్ములనూ చేత్తో పట్టుకున్నారు. దాదాపు 20 నిమిషాలు పట్టింది. పురుగులు పోయాయి కానీ లేచిన తోలు పలక నల్లబడి రాలిపోయింది. టర్పెంటైన్ పురుగును బయటికి రప్పిస్తుంది గానీ బతికున్న కణజాలాన్ని కాలుస్తుంది. గేదె చర్మం దాన్ని ఓర్చుకోవచ్చు. పెరుగుతున్న లేత కొమ్ము ఓర్చుకోదు. పైగా ఆ నొప్పంతా మెలకువలోనే పడింది.

మార్చిలో గట్టిపడ్డాక ఎడమ కొమ్ము 66 సెంటీమీటర్లు, కుడిది 58. గాయం చోట బొప్పి కట్టింది. కంచె తీగలు లోపలికి మడిచి బాగుచేశారు. అక్టోబరులో రెండు కొమ్ములూ రాలాయి. అంతటితో అయిపోయిందనుకున్నారు.

రెండో ఏడు: తప్పిన అంచనా

కొత్త కొమ్ము ఎనిమిదో వారంలో కుడి వైపు మళ్ళీ బొప్పి కనబడింది. జనవరికి అది 9 సెంటీమీటర్ల అదనపు రెమ్మ అయింది. మామూలుగా చుక్కల దుప్పి కొమ్ముకు మూడు మొనలుంటాయి: నుదుటి దగ్గర ఒక రెమ్మ, కాండం చివర చీలిన రెండు. ఇది నాలుగోది, బయటికి పొడుచుకొచ్చి కిందికి వంకీ తిరుగుతోంది. కీపర్ చెప్పింది ఇదీ: "ఆ కంచెకే మల్లా కొట్టుకోనుంటాది సార్." అందరి అంచనా కూడా అదే. పక్క గదిలోని మగదుప్పి కొమ్ముతో పొడిచిందేమోనని దాన్ని దూరంగా మార్చారు. దాణాలో కలిపి 5 రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. ఏ మార్పూ లేదు.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఎవరమూ అడగలేదు: గాయమైతే గాయం ఏది? తోలు ఎక్కడా చీలలేదు. మచ్చ లేదు, పొక్కు లేదు, తడి లేదు. నూగు ఒత్తుగా, నున్నగా, ఆ రెమ్మ మీద కూడా మిగతా కొమ్ము మీద ఉన్నట్టే ఉంది. కొత్త దెబ్బకు వచ్చిన వాపు అలా ఉండదు.

వంకీ కంచెలో చిక్కుకుంటుందన్న భయంతో జనవరి మధ్యలో దాన్ని లేతగా ఉండగానే కోసేశారు. కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున జైలజిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇచ్చారు. కొమ్ము మొదట్లో నొప్పి తెలియకుండా చేసే సూది వేయలేదు. పడుకున్న జంతువు కదలకపోవడం వేరు, నొప్పి లేకపోవడం వేరు. రంపం ఆడుతున్నప్పుడు రెండుసార్లు తల విదిలించింది. రక్తం బాగా పోయింది. రబ్బరు ట్యూబు బిగించి ఆపాల్సి వచ్చింది.

మూడో ఏడు: దారం కొలత

మూడో ఏడు డిసెంబరుకు కుడి కొమ్ము మీద అదే చోట ఒకటి కాదు, రెండు మొలకలు వచ్చాయి. ఫిబ్రవరి చివరికి పెద్దది 11 సెంటీమీటర్లు, చిన్నది 5. కంచె బాగుంది. పక్క గది ఖాళీగా ఉంది. అయినా ముదిరింది. కంచె, పోట్లాట అనే రెండు అనుమానాలూ ఇక్కడితో తేలిపోయాయి.

రాలిన కొమ్ములు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ప్రభుత్వ ఆస్తి. రిజిస్టరులో రాసి, తాళం వేసి దాచారు కాబట్టి ఈ దుప్పివి అన్నీ దొరికాయి. గాయానికి ముందు ఏడు రాలిన జత కూడా ఉంది. కుడి కొమ్ములు మూడింటినీ బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టి, మొదట్లో చేతిగాజులా ఉబికి ఉండే వరస దగ్గర నూలు దారం కొస ఆనించి, కాండం వంపు వెంబడి బొప్పి నడుమ దాకా లాగి, దారాన్ని స్కేలు మీద పరిచి కొలిచారు. గాయానికి ముందు కొమ్ము మొదటి నుంచి చివరి దాకా నున్నగా ఉంది. మొదటి ఏటి కొమ్ము మీద బొప్పి 22 సెంటీమీటర్లు. రెండో ఏటి కొమ్ము మీద కోసిన మోడు 22.5. దుప్పికి మత్తిచ్చి తల మీది లేత కొమ్మును అలాగే కొలిస్తే రెండు మొలకల నడిమి భాగం 21.5. మూడూ బయటి వైపే. బల్ల మీది మోడును బొటనవేలితో తడిమితే రంపం గీతలు తగిలాయి. దాని చుట్టూ ఎముక ఉంగరంలా దట్టంగా పేరుకుని ఉంది.

మూడేళ్లపాటు ఒకే ఎత్తులో, ఒకే వైపున కొత్త దెబ్బ తగలడం జరిగే పని కాదు. అయినా ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చాకే ముందుకు వెళ్ళాం.

కుదురు విరిగి వంకరగా అతుక్కుంటే ప్రతి ఏడూ వికారమైన కొమ్మే వస్తుంది. అలాంటప్పుడు కొమ్ము మొదట్లోనే పక్కకు ఒరుగుతుంది, రాలిన కొమ్ము అడుగు ఏటవాలుగా ఉంటుంది. ఇక్కడ అడుగులన్నీ తిన్నగా ఉన్నాయి. కుదుళ్ళ చుట్టుకొలత కుడి ఎడమలు రెండూ 11 సెంటీమీటర్లే.

వృషణాలు దెబ్బతింటే కొమ్ము గట్టిపడదు, తోలు ఊడదు, గడ్డల్లా పెరుగుతూ పోతుంది. దీనికి ఏటా మార్చిలో తోలు శుభ్రంగా ఊడుతోంది. మత్తులో ఉండగా వృషణాలు తడిమి చూస్తే రెండూ సమానంగా ఉన్నాయి.

వెనక కాలికి పెద్ద దెబ్బ తగిలిన మగజింకల్లో ఎదుటి వైపు కొమ్ము వికారంగా పెరగడం తెలిసిన విషయమే. కుడి కొమ్ము చెడింది కాబట్టి ఎడమ వెనక కాలిని గిట్ట నుంచి తుంటి దాకా చూశాం. ఎముక విరిగిన పాత గుర్తు లేదు, కుంటు లేదు.

ఖనిజ లోపం అయితే రెండు కొమ్ముల్లోనూ కనబడాలి. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కూడా మరచిపోకూడదు. జింక కొమ్ము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుకుంటుంది. దానికీ ఇదే తర్కం: ఒక్క కుడి కొమ్మునే, అదీ 22 సెంటీమీటర్ల దగ్గరే పాడుచేయదు. పళ్ల మీద గోధుమ చారలు కూడా లేవు.

మిగిలింది ఒక్కటే. 1965లో ఏ. బి. బ్యూబెనిక్, ఆర్. పావ్లాన్‌స్కీ పెరుగుతున్న కొమ్ముకు తగిలిన గాయాల ఫలితాలను ప్రచురించారు. కాండానికి దెబ్బ తగిలిన ఏడు కొమ్ము చిన్నదైనా, రాలిపోయిన తర్వాత మొలిచే కొమ్ము అదే చోట అతిగా పెరగవచ్చు, అదనపు రెమ్మ వేయవచ్చు. అది కొన్నేళ్లు సాగి క్రమంగా తగ్గుతుంది. దీన్ని ట్రోఫిక్ మెమరీ అన్నారు. ఈ కేసులో గాయమైన కాండం మొత్తం రాలి బల్ల మీద ఉంది. తల మీద మిగిలిన కుదురుకు ఏ దెబ్బా లేదు. అంటే గుర్తు కాండంలో లేదు. నరాల ద్వారా చేరిన గాయం సమాచారం మెదడులో కొమ్ము పెరుగుదలకు సంబంధించిన కేంద్రాల్లో నిలుస్తుందని బ్యూబెనిక్ ప్రతిపాదన. ఆయన కుమారుడు జార్జ్ బ్యూబెనిక్ కొమ్ముల పెరుగుదలలో నరాల పాత్ర మీద తర్వాత చాలా పని చేశారు. నరాలు తెంపినా కొమ్ము పెరుగుతుంది గానీ చిన్నదిగా, వంకరగా పెరుగుతుందని విస్లోకీ, సింగర్ 1946లోనే చూపించారు. కొమ్ము పుట్టడానికి నరం అక్కరలేదు, దాని పరిమాణానికీ ఆకారానికీ నరంతో సంబంధం ఉంది.

వైద్యుడికి ఇందులోంచి దొరికే పని సూత్రం ఇది: లేత కొమ్ముకు పడే ప్రతి నొప్పీ వచ్చే ఏటి కొమ్ము ఆకారం మీద ప్రభావం చూపవచ్చు. రెండో ఏడు నొప్పి ఆపకుండా కోసినదాన్ని ఈ దృష్టితో చూస్తే, పాత గాయం మీద అదే చోట కొత్త గాయం చేసినట్టే.

తీసుకున్న నిర్ణయం

లేతగా ఉండగా కోయకూడదన్నది మొదటి నిర్ణయం. కానీ వంకీ కంచెలో చిక్కుకునే ప్రమాదం నిజమైనదే. చిక్కుకున్న దుప్పి గుంజుకుంటుంది. మెడ విరగవచ్చు, లేదా పెనుగులాటలో కండరాలు దెబ్బతిని రెండు మూడు రోజుల్లో చనిపోవచ్చు. అందుకని కొమ్మును వదిలి కంచెను మార్చాం. ఈ దుప్పి గది లోపలి వైపు 6 అడుగుల ఎత్తు దాకా ఆకుపచ్చ షేడ్ నెట్ బిగించి కట్టించాం. వదులుగా కడితే అదే ఉచ్చు అవుతుంది కాబట్టి అడుగుకో ముడి వేశారు. రాసుకోవడానికి రెండు వేప దుంగలు పాతించాం.

తోలు ఊడిన వెంటనే కూడా కోయలేదు. బయటికి గట్టిపడినా లోపలి భాగం కొంతకాలం తడిగా ఉంటుంది. నాలుగు వారాలు ఆగి ఏప్రిల్ మొదటి వారంలో కోశాం. ఎండల వల్ల పని ఉదయం 6 గంటలకే మొదలైంది. ముందు సాయంత్రం నుంచి మేత ఆపాం. సిరంజి బాణంతో 1.2 మిల్లీలీటర్ల హెల్లాబ్రున్ మత్తు మిశ్రమం (150 మిల్లీగ్రాముల జైలజిన్, 120 మిల్లీగ్రాముల కెటమిన్) ఇచ్చాం. పడ్డాక బోర్లా, కాళ్లు ముడిచి కూర్చున్నట్టు ఉంచి, తల ఎత్తి, మూతి కిందికి వంచి పెట్టాం. పక్కకు పడుకోబెడితే పొట్ట ఉబ్బుతుంది, నెమరు మేత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కళ్లకు గంత కట్టాం. ప్రతి 5 నిమిషాలకూ మలద్వారంలో ఉష్ణోగ్రత చూశాం. 41 డిగ్రీలు దాటితే పని ఆపేసి నీళ్లు పోయాలని ముందే అనుకున్నాం. 39.8 దాటలేదు.

తీగ రంపంతో పెద్ద రెమ్మను కాండం నుంచి 3 సెంటీమీటర్లు వదిలి కోసి, అంచును ఆకురాయితో గుండ్రంగా అరగదీశాం. చిన్నదాన్ని ముట్టుకోలేదు, అది దేనికీ అడ్డం కాదు. చుక్క రక్తం రాలేదు, జంతువు చెవి కూడా కదపలేదు. రక్తనాళంలో మత్తుకు విరుగుడుగా 10 మిల్లీగ్రాముల యోహింబిన్ ఇచ్చాక మూడు నిమిషాల్లో లేచి నిలబడింది.

మేతలో పెద్ద మార్పు లేదు. వేరుశనగ కట్టె, అవిశ ఆకు ముందు నుంచీ ఉన్నాయి. లేత కొమ్ము నెలల్లో రోజుకు 25 గ్రాముల ఖనిజ మిశ్రమం దాణాలో కలిపాం. కొమ్ము వేగంగా గట్టిపడే వారాల్లో మేత నుంచి వచ్చే కాల్షియం చాలక దుప్పి తన పక్కటెముకల నుంచి తీసి వాడుకుంటుంది. ఆ లోటు పూడ్చడానికే ఇది. అదనపు రెమ్మకు మందుగా కాదు.

నాలుగో ఏడు: ఎడమ కొమ్ముకు గాయం

నాలుగో ఏడు కుడి కొమ్ము మీద ఒకే రెమ్మ వచ్చింది. 6 సెంటీమీటర్లు, వంకీ లేదు. కోయలేదు.

అదే జనవరిలో ఎడమ కొమ్ము మొన కింద, కుదురు నుంచి 34 సెంటీమీటర్ల దగ్గర తోలు చీలింది. నీటి తొట్టి సిమెంటు అంచు కోసింది. పొడవు 1.5 సెంటీమీటర్లు, లోతు తోలు వరకే. ఇంత చిన్న గాయానికి మత్తు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే మత్తు కూడా ప్రమాదమే. కానీ ఈగల కాలం, పురుగు పడితే మెలకువలో పట్టుకోవాల్సి వస్తుంది. మొదటి ఏటి కథ మళ్ళీ మొదలవుతుంది. గంటలోపే మత్తిచ్చాం. కుదురు చుట్టూ నొప్పి తెలియకుండా చేసే 2 శాతం లిగ్నోకెయిన్, చుట్టుకొలత సెంటీమీటరుకు 1 మిల్లీలీటరు లెక్కన 11 మిల్లీలీటర్లు, చర్మం కింద ఉంగరంలా వేశాం. 4 నిమిషాలు ఆగి, తోలును ఫోర్సెప్స్‌తో గిచ్చి, స్పందన లేదని చూశాకే గాయం ముట్టుకున్నాం. ఉంగరం మధ్యలో ఖాళీ వదిలితే ఆ వైపు నరం పనిచేస్తూనే ఉంటుంది. ఎక్కువ వైఫల్యాలకు కారణం మందు చాలకపోవడం కంటే ఆ ఖాళీయే. సెలైన్‌తో కడిగాం, టర్పెంటైన్ కాదు. ఈగలు రాకుండా వేసే మందును గాయంలో కాకుండా చుట్టూ పూశాం. నొప్పి తగ్గడానికి మెలోక్సికామ్ 35 మిల్లీగ్రాములు, యాంటీబయాటిక్‌గా లాంగ్ యాక్టింగ్ ఆక్సీటెట్రాసైక్లిన్ 7 మిల్లీలీటర్లు రెండు చోట్ల, పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ 1.4 మిల్లీలీటర్లు చర్మం కింద, టెటనస్ టాక్సాయిడ్ ఇచ్చాం. కొమ్ములను ఎవరూ చేత్తో పట్టుకోలేదు. తలను దవడ కింద చేయి పెట్టి నిలిపారు.

ఐదో ఏడు ఎడమ కొమ్ము నున్నగా వచ్చింది. 34 సెంటీమీటర్ల దగ్గర తడిమినా ఏమీ తగల్లేదు. కుడి వైపు 22 దగ్గర 2.5 సెంటీమీటర్ల బుడిపె మిగిలింది.

ఈ రెండు గాయాలనూ పక్కపక్కన పెట్టి నొప్పి ఆపడం వల్లే ఎడమది బాగుపడిందని అనడం తొందరపాటు. ఎడమది చిన్నది, పైపైది. కుడిది మెత్తటి భాగం దాకా తెగింది, పురుగులు పట్టింది. అలాగే కుడి రెమ్మ తగ్గడం చికిత్స ఫలమని చెప్పలేం, ఈ గుర్తు దానంతటదే కూడా తగ్గుతుంది. చికిత్స సాధించింది ఇంత: తగ్గుతున్నదాన్ని మళ్ళీ రెచ్చగొట్టలేదు, ఈలోగా జంతువు కంచెలో చిక్కుకోలేదు.

ఆవరణలో మారిన పద్ధతులు

రాలిన కొమ్మును అదే రోజు ఏరాలి. రెండు రోజులు ఆలస్యమైతే మిగతా దుప్పులు ఖనిజాల కోసం మొనలు కొరికేస్తాయి, కొలత పోతుంది. ప్రతి కొమ్మునూ స్కేలు పక్కన పెట్టి నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి, వంపు వెంబడి పొడవు, ప్రతి మొన ఎత్తు, అడుగు తిన్నగా ఉందా ఏటవాలా అన్నది కార్డులో రాస్తున్నారు. కొత్త కొమ్ము మీద ఏదైనా తేడా కనబడితే మందుల పెట్టె కంటే ముందు ఆ కార్డు తీస్తారు. ఎత్తు, వైపు పాత గాయంతో కలిస్తే, తోలు చీలి లేకపోతే, యాంటీబయాటిక్ ఇవ్వరు, పక్క జంతువును మార్చరు, లేతగా కోయరు. అక్టోబరు నుంచి మార్చి దాకా ప్రతి ఉదయం కంచె లోపలి వైపు ఒక పాత నూలు గుడ్డ రాసుకుంటూ చుట్టూ నడుస్తారు. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ తీగ పొడుచుకొచ్చినట్టు, అక్కడికక్కడే మడుస్తారు. నీటి తొట్టి అంచులు గుండ్రంగా పూయించారు.

ఆరో ఏటి కొమ్ము ఇప్పుడు పదకొండో వారంలో ఉంది. మత్తివ్వలేదు, దూరం నుంచి తీసిన ఫొటో మీదే కొలత. కుడి కాండం బయటి వైపు 22 సెంటీమీటర్ల దగ్గర తోలు కింద చిన్న ఉబ్బు ఉంది, రెమ్మ లేదు.